కొత్త పడవ కాదు, కొలతకు తగిన తెరచాప

మన వసతి గృహం వార్షికోత్సవం సందర్భంగా పూర్వ విద్యార్థి అన్నలు ఈసారి ఒక తీపి కబురు పంపారు. తలా కొంత వేసుకుని, హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకుంటున్న మా బృందానికి ఒక కొత్త పడవ కొనిపెడతామన్నారు. ఆ మాట విన్న రాత్రి మా గదుల్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. పడవకు ఏ పేరు పెట్టాలి, ఏ రంగు వేయించాలి అని పన్నెండు దాకా వాదించుకున్నాం. వార్డెన్ సార్ వచ్చి లైటు ఆర్పితే గానీ వాదన తెగలేదు.

పొద్దున లేచి, ఆ ఉత్సాహం కొంచెం చల్లబడ్డాక, ఒక్కొక్కరం ఒకే మాట దగ్గరికి వచ్చాం. మాకు ఇప్పుడు కావలసినవి తెరచాపలు. పడవ తర్వాత చూసుకోవచ్చు. పెట్టే చేతిని పట్టుకుని "ఇది వద్దు, అది పెట్టండి" అనడం మర్యాద కాదని మాకు తెలుసు. అయినా మన సంచిక ఉన్నది మనసు విప్పి మాట్లాడుకోవడానికే కదా అని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. ఇందులో అన్నల మీద నిష్ఠూరం ఏమీ లేదు. ఉన్నదంతా కొంత మా మీద, కొంత ఇన్నాళ్ళుగా నడుస్తున్న పద్ధతి మీద.

ఒడ్డుకు ఎన్నడూ రాని మిత్రుల కోసం ముందుగా మా దగ్గర ఏమున్నదో చెబుతాం. సాగర్ ఒడ్డున ఒక షెడ్డులో మా వాడకానికి ఏడు పడవలున్నాయి. నాలుగు ఆప్టిమిస్టులు, మూడు లేజర్లు. ఆప్టిమిస్టు అంటే చిన్నపిల్లల పడవ. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసమే తయారు చేశాడు. చూడ్డానికి స్నానాల తొట్టిలా ఉంటుంది. పొడవు 2.36 మీటర్లు, బరువు 35 కిలోలు, తెరచాప 3.3 చదరపు మీటర్లు. పదిహేనేళ్ళ దాకా దాంట్లో పోటీ పడవచ్చు. లేజర్ దానికి పెద్దన్న. పొడవు 4.2 మీటర్ల పైచిలుకు. దానికి కొన్నేళ్ళ కిందట ఐఎల్‌సీఏ అని పేరు మార్చారు గానీ మా నోళ్ళకు ఇంకా లేజరే అలవాటు. రెండింటిలోనూ పోటీలో ఒక్కరే కూర్చుంటారు, ఒక్కటే తెరచాప ఉంటుంది. అంటే తాడు లాగేదీ, చుక్కాని పట్టేదీ, పడవ ఒరిగితే బయటికి వంగి దాన్ని నిలబెట్టేదీ అంతా ఆ ఒక్క పిల్లవాడే.

ఈ ఏడు పడవల ఒళ్ళు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఫైబర్ పడవ ఊరికే పాడు కాదు. చిల్లు పడితే అతుకు వేస్తే మళ్ళీ నీళ్ళలోకి దిగుతుంది. కానీ ఏడింటికీ కలిపి నిజంగా పనికొచ్చే తెరచాపలు మా దగ్గర మూడే ఉన్నాయి. మిగతావి పేరుకు తెరచాపలు. ఇక లేజర్ల తెరచాపలు మూడూ పెద్దవాళ్ళవి. పోటీల్లో వాడుకుని, పాతబడ్డాక మాకిచ్చినవి. ఒక్కొక్కటి 7.06 చదరపు మీటర్లు. ఎనభై కిలోల మనిషి కోసం ఉద్దేశించిన కొలత అది. మాలో ఎనభై కిలోలున్నవాడు ఒక్కడూ లేడు. అరవై దాటినవాళ్ళు ముగ్గురు.

వసతి గృహంలో చదివిన వాళ్ళకు ఈ సంగతి వివరించనక్కర లేదేమో. అందరికీ ఒకే కొలతతో కుట్టించిన యూనిఫాం మనందరం తొడుక్కున్నాం. చేతులు వేళ్ళ దాకా వేలాడే చొక్కా, బొందు బిగించి కట్టినా జారే నిక్కరు. అది తొడుక్కున్నవాడిని చూసి నవ్వేవాళ్ళు గానీ, కుట్టినవాడిని చూసి నవ్విన వాళ్ళను మేము ఎన్నడూ చూడలేదు. తెరచాప విషయంలో అచ్చం అదే జరుగుతున్నది. ఒక్క తేడా ఉంది. చొక్కా వదులైతే నవ్వులపాలవుతాం. తెరచాప పెద్దదైతే నీళ్ళలో పడతాం.

పోయిన వానాకాలం ఎంపిక పోటీలో జరిగింది చెబుతాం. పేరు చెప్పడం ఆ తమ్ముడికి ఇష్టం లేదు. తొమ్మిదో తరగతి, 41 కిలోలు. ఆప్టిమిస్టులో మా అందరికంటే ముందుండేవాడు. గాలి ఎటు తిరగబోతుందో నీళ్ళ మీద రంగు చూసి చెప్పేవాడు. ఆ రోజు ఆప్టిమిస్టు ఖాళీ లేక వాడికి లేజర్ ఇచ్చారు, ఉన్న పెద్ద తెరచాపతోనే. గాలి బాగా లేచింది. మూడుసార్లు తిరగబడ్డాడు. రెండుసార్లు తానే సెంటర్‌బోర్డు మీదికెక్కి పడవను నిలబెట్టుకున్నాడు. మూడోసారి చేతకాక రక్షణ బోటు వాళ్ళు తెచ్చి ఒడ్డున దింపారు. జాబితాలో వాడి పేరు ఎదురుగా "శారీరక బలం చాలదు" అని రాశారు. తిరుగు దారిలో బస్సులో మేమే వాడిని ఎగతాళి చేశాం. ఆ తప్పు మాదే. ఆ తర్వాత వాడు ఒడ్డుకు రావడం లేదు. ఆదివారం పొద్దున మేము బయలుదేరేటప్పుడు బట్టలు ఉతుక్కుంటూ కనిపిస్తాడు.

వాడికి బలం చాలలేదా, తెరచాప ఎక్కువైందా? మేము ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

లెక్క చూస్తే విషయం తేలిపోతుంది. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద పడే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గంటకు 15 కిలోమీటర్ల గాలిలో హాయిగా నడిపిన పడవే 30 కిలోమీటర్ల గాలిలో నాలుగు రెట్లు తోస్తుంది. ఆ తోపులో కొంత పడవను ముందుకు నడుపుతుంది, కొంత పక్కకు ఒరగదోస్తుంది. ఒరగకుండా ఆపేది మన ఒంటి బరువు, దాన్ని పడవ అంచు బయటికి ఎంత దూరం వంచగలమన్నది. పిల్లవాడి బరువు గాలితో పాటు పెరగదు కదా. అందుకే తెరచాప వైశాల్యం పిల్లవాడికి తగ్గట్టు ఉండాలి. హుస్సేన్‌సాగర్‌లో మరో చిక్కు. వానాకాలం గాలి పడమటి దిక్కు నుంచి నగరం మేడల మీదుగా వస్తుంది. ఒకే తీరుగా వీచదు. ఒక నిమిషం చచ్చిన గాలి, మరు నిమిషం ఈడ్చికొట్టే గాలి. సముద్రం మీద నేర్చినవాళ్ళు కూడా ఇక్కడ తడబడటం చూశాం.

అయితే తప్పంతా తెరచాపల మీదికి తోసేస్తే మాకు నిద్ర పట్టదు. ఉన్న తెరచాపలు పాడవడానికి సగం కారణం మేమే. వాటిని మేము నడిపే తీరులోనూ, దాచే తీరులోనూ ఎన్నో లోపాలున్నాయి. కొత్తవి అడిగే ముందు అవి ఒప్పుకోవాలి.

ముందు నీళ్ళ మీద సంగతి. మాలో చాలామందికి ఉన్న చెడ్డ అలవాటు తాడును గట్టిగా లాగి పట్టుకోవడం. ఎంత గట్టిగా లాగితే పడవ అంత వేగంగా పోతుందని మనసులో ఎక్కడో ఉంటుంది. ఎద్దుల పగ్గం పట్టుకున్నట్టు పట్టుకుంటాం. నిజానికి అతిగా లాగిన తెరచాప పడవను ఆపుతుంది, పక్కకు ఒరగదోస్తుంది. కోచ్ సార్ వందసార్లు చెప్పిన పాఠం ఒకటే. తెరచాప ముందంచు, అంటే మాస్టును ఆనుకుని ఉన్న అంచు, అల్లాడేదాకా తాడు వదులు. అల్లాట ఆగేదాకా మాత్రమే లాగు. అక్కడ ఆగు. పది క్షణాలకొకసారి మళ్ళీ వదిలి చూడు. గాలి మారుతూనే ఉంటుంది కాబట్టి ఒకసారి సరిచేశాం కదా అనుకోవడానికి లేదు. లేజర్ తెరచాప మీద రెండు వైపులా ఊలుదారపు పోగులు అతికిస్తారు, టెల్‌టేల్స్ అంటారు. అవి రెండూ వెనక్కి చదునుగా పారుతుంటే గాలి తెరచాపకు రెండు పక్కలా సాఫీగా పోతున్నట్టు. గాలికి అవతలి వైపు పోగు చిందులేస్తుంటే ఎక్కువ లాగామన్నమాట. మా తెరచాపల మీద ఆ పోగులు ఊడిపోయి ఏడాదైంది. ఊలుదారం ఉండ ఎంత? టేపు ఎంత? ఎవరమూ అతికించలేదు. దీనికి ఏ దాతనూ అడగనక్కర లేదు.

ఈడ్పు గాలి వచ్చేటప్పుడు నీళ్ళ మీద నల్లటి మచ్చలా కదిలి వస్తుంది. మచ్చ మనల్ని తాకక ముందే బయటికి వంగాలి. తాకగానే మూరెడు తాడు వదలాలి. పడవ చదునుగా నిలబడ్డాక ఆ మూరెడూ మళ్ళీ లాక్కోవాలి. మేము చేసేది దీనికి తలకిందులు. గాలి తాకాక ఉలిక్కిపడతాం, భయంతో తాడు ఇంకా బిగిస్తాం, పడవ ఒరిగాక చుక్కాని తిప్పుతాం. ఇంకొందరు తాడును చేతికి చుట్టుకుంటారు, పట్టు జారకుండా. అది మాత్రం ఎన్నటికీ చేయకూడదు. పడవ తిరగబడితే చెయ్యి తాడులోనే ఉండిపోతుంది. గాలిని వెనక పెట్టుకుని పోయేటప్పుడు బూమ్ ఒక పక్క నుంచి మరో పక్కకు విసురుగా తిరుగుతుంది. అప్పుడు తల వంచకపోతే ఏమవుతుందో మా ముగ్గురి నుదుటి మీద గుర్తులున్నాయి, వచ్చి చూడవచ్చు.

ఆప్టిమిస్టులో తెరచాప కట్టడమే సగం విద్య. దాని తెరచాప నాలుగు మూలలది. పై మూలను స్ప్రిట్ అనే సన్నని వాసం ఏటవాలుగా ఎత్తి పడుతుంది. వాసం వదులుగా ఉంటే మాస్టు పై మూల నుంచి బూమ్ చివరి దాకా ఒక ముడత పడుతుంది. మరీ బిగిస్తే మరో ఏటవాలున, కింది మూల నుంచి పై కొసకు, ముడత పడుతుంది. ముడత చూసి వాసం ఎక్కించాలా దించాలా అన్నది చెప్పవచ్చు. దీనికి చదువు అక్కర లేదు, చూపు చాలు. ఇక మాస్టుకు తెరచాపను కట్టే చిన్న తాళ్ళున్నాయి. తెరచాపకు, మాస్టుకు మధ్య సందు సెంటీమీటరు మించకూడదు. మేము మూటకు ముడి వేసినట్టు వేస్తాం. ఒకచోట బిగువు, ఒకచోట వదులు. అంత వంకరగా కట్టిన తెరచాప గాలిని సరిగా పట్టడం లేదని దాన్నే తిడతాం.

తెరచాపకు పొట్ట ఉంటుంది. చదునుగా పరిచిన గుడ్డ కాదు అది. ఓ మోస్తరు గాలిలో పొట్ట కొంచెం లోతుగా ఉంటే పడవకు బలం వస్తుంది. గాలి ముదిరితే పొట్ట తగ్గించాలి, అందుకు బూమ్ చివరి తాడు బిగించాలి. లేజర్‌లో అయితే మాస్టు వెంట కిందికి లాగే తాడు, బూమ్‌ను కిందికి పట్టే కిక్కర్ తాడు కూడా ఉంటాయి. ఇవన్నీ ఒడ్డున ఒకసారి కట్టి మరిచిపోయే తాళ్ళు కావు. అన్నం ఉడుకుతుంటే మంట తగ్గించి పెంచినట్టు గాలిని బట్టి సవరించాలి. మాలో ఇద్దరు మాత్రమే నీళ్ళ మీద ఆ తాళ్ళు ముట్టుకుంటారు. తక్కినవాళ్ళకు అవి ఉన్నట్టే గుర్తుండదు.

ఇప్పుడు ఒడ్డు మీది పాపాలు. తెరచాప గుడ్డ నూలుది కాదు, డాక్రాన్ అనే పాలియెస్టర్. నేసిన దారాలు సాగకుండా దానికి గట్టిపూత పట్టిస్తారు. కొత్త తెరచాప పట్టుకుంటే కాగితంలా పెళపెళలాడుతుంది. గాలికి అల్లల్లాడుతున్న కొద్దీ ఆ పూత విరుగుతుంది. ఎండకు దారం బలం పోతుంది. మేము ఏం చేస్తున్నాం? పొద్దున్నే తెరచాప ఎక్కించి, ఉప్మా తిని వచ్చేదాకా అలా పటపటలాడనిస్తున్నాం. సాయంత్రం తడి తెరచాపను గోడ మీద ఎండేసి క్రికెట్ ఆడుకుంటున్నాం. పోయిన వేసవిలో మురికి పట్టిందని సబ్బు, బ్రష్షు పెట్టి బండ మీద దుప్పటి ఉతికినట్టు ఉతికినవాళ్ళం మేమే. అంత తెల్లగా వచ్చిందని గర్వపడ్డాం కూడా. ఆ తెరచాప ఇప్పుడు ఉతికి ఉతికి మెత్తబడిన లుంగీలా ఉంది. సాగర్ నీళ్ళు శుభ్రమైనవి కావు కాబట్టి వాడిన ప్రతిసారీ మంచినీళ్ళు పోయాలి. పోసి, నీడలో ఆరబెట్టాలి. అంతే.

దాచడం మాత్రం మన వసతి గృహం పిల్లలకు ఎవరూ నేర్పనక్కర లేదు. పేరులోనే చాప ఉంది. పొద్దున లేవగానే చాప ఎలా చుట్టి గోడకు ఆనిస్తామో అలా చుట్టాలి. మేము దాన్ని మడతలు పెట్టి, ట్రంకుపెట్టెల కింద పెట్టాం. మడత పెట్టిన ప్రతి చోటా గీత పడి పూత విరిగింది. ఒకసారి చిరిగితే మా వీధి చివర దర్జీ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన మంచి మనసుతో డబ్బు తీసుకోకుండా నూలు దారంతో కుట్టి ఇచ్చాడు. మొదటి గాలికే కుట్టు విడిపోయింది. పాలియెస్టర్ దారంతో, అటూ ఇటూ వంకరగా నడిచే కుట్టు వేయించాలని తర్వాత తెలిసింది.

ఇలా సాగిపోయిన తెరచాపతో ఏమవుతుందో పెద్దవాళ్ళు కూడా సరిగా గమనించడం లేదని మా అభిప్రాయం. "పాతదైతే ఏం, నేర్చుకోవడానికి చాలదా?" అంటారు. చాలదు. గుడ్డ సాగితే పొట్ట లోతవుతుంది, లోతైన పొట్ట వెనక్కి జరుగుతుంది. అప్పుడు గాలి పడవను ముందుకు నడపడం తగ్గి పక్కకు ఒరగదోయడం పెరుగుతుంది. పైగా ఏ తాడు బిగించినా ఆ పొట్ట తగ్గదు. నడిపే తీరు మార్చుకుని చూద్దామన్నా తెరచాప మాట వినదు. బరువున్నవాడు ఎలాగో తట్టుకుంటాడు. బక్కపిల్లవాడు తట్టుకోలేడు. అంటే పెద్దవాళ్ళు వాడి వదిలేసిన పాత తెరచాప ఎవరికి అందరికంటే తక్కువ పనికొస్తుందో, సరిగ్గా వాళ్ళ చేతికే వస్తున్నది. ఆ తమ్ముడికి ఆ రోజు ఇచ్చింది పెద్దదే కాదు, సాగిపోయింది కూడా.

మరి ఎంచుకోవడం ఎలా? లేజర్‌లో ఒక గొప్ప సౌకర్యం ఉంది. పడవ అదే, బూమ్ అదే, మాస్టు పై ముక్క అదే. మాస్టు కింది ముక్క, తెరచాప మార్చితే మూడు రకాల పడవ అవుతుంది. ఐఎల్‌సీఏ 4కు 4.7 చదరపు మీటర్లు, ఐఎల్‌సీఏ 6కు 5.76, ఐఎల్‌సీఏ 7కు 7.06. అన్నిటికంటే చిన్నది పెద్దదానిలో మూడింట రెండు వంతులన్నమాట. మాలాంటి యాభై, అరవై కిలోల లోపు వాళ్ళకు చిన్నది. అరవై దాటి డెబ్బై దాకా నడిమిది. కాబట్టి లేజర్ మూడు ఉన్నప్పుడు నాలుగోది కొనడం కంటే, ఉన్నవాటికే చిన్న తెరచాపలు, వాటి కింది మాస్టు ముక్కలు కొంటే ఒక్కో పడవ రెండు పడవలుగా పని చేస్తుంది. తెరచాప ఒక్కటే కొని కింది ముక్క మరిచిపోతే మాత్రం ఆ డబ్బు వృథా. ఇది అన్నలు గుర్తుపెట్టుకోవాలి.

ఆప్టిమిస్టు తెరచాపల వైశాల్యం అందరికీ ఒకటే. కానీ కుట్టేవాళ్ళు తేలిక పిల్లలకు చదునుగా, బరువు పిల్లలకు పొట్ట లోతుగా వేరువేరుగా కోసి కుడతారు. కొనేటప్పుడు పిల్లల బరువు చెప్పాలి. చెప్పకపోతే ఏదో ఒకటి వస్తుంది. పోటీకి వాడే తెరచాపలు ఆ పడవ వర్గం నియమాలకు సరిపోయినవే కావాలి, వాటి ఖరీదు ఎక్కువ. రోజూ సాధనకు అవే వాడాలని లేదు. గట్టి గుడ్డతో కుట్టిన సాధన తెరచాపలు తక్కువ ధరకు దొరుకుతాయి. పోటీవి రెండు పక్కన పెట్టి, సాధనవి నాలుగు వాడుకుంటే సరిపోతుంది. ఇప్పుడు ఉన్న ఒక్క మంచి తెరచాపనే ఆదివారం సాధనకు, జులై పోటీకి కూడా వాడుతున్నాం. పోటీ వచ్చేసరికి అది సాధనలో అరిగిపోయి ఉంటోంది.

చిన్న తెరచాప అంటే మావాళ్ళలోనే కొందరికి నామోషీ. "అది ఆడపిల్లల తెరచాప, పిల్లకాయల తెరచాప" అంటారు. వాళ్ళకు నేహా ఠాకూర్ సంగతి చెప్పాలి. మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లాలో ఒక రైతు కూతురు ఆమె. భోపాల్‌లోని నేషనల్ సెయిలింగ్ స్కూల్‌లో శిక్షణ పొందింది. 2022 ఆసియా క్రీడలు హాంగ్‌ఝౌలో ఆలస్యంగా 2023లో జరిగినప్పుడు బాలికల విభాగంలో వెండి పతకం తెచ్చింది. ఏ పడవలో? ఐఎల్‌సీఏ 4లో. అదే 4.7 చదరపు మీటర్ల తెరచాపతో. అదే క్రీడల్లో ఐఎల్‌సీఏ 7లో కంచు పతకం తెచ్చిన విష్ణు శరవణన్ పెద్దవాడు, సైన్యంలో పనిచేసేవాడు. ఎవరి కొలత వాళ్ళది. చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ టోక్యో ఒలింపిక్స్‌లో పోటీ చేసింది కూడా నడిమి తెరచాపతోనే. ఒలింపిక్స్‌కు సరిపోయిన తెరచాపను మనం నామోషీ అనుకుంటే ఎలా?

ఇంకో వాదన కూడా వింటున్నాం. "పెద్దదానితో కష్టపడితేనే గట్టిపడతారు" అని. కష్టపడటం మాకు కొత్త కాదు. కానీ నీళ్ళలో పడి లేవడం తప్ప ఇంకేమీ నేర్చుకోలేని కష్టంతో ప్రయోజనం ఏమిటి? తాడు ఎంత వదలాలో, ఎప్పుడు లాగాలో చేతికి అలవాటు కావాలంటే పడవ నిలబడి నడవాలి. అరగంటలో ఇరవై నిమిషాలు పడవ నిలబెట్టడానికే పోతే మిగిలిన పదిలో ఏం వస్తుంది? అయితే వాళ్ళ మాటలో ఒక నిజం ఉందని ఒప్పుకుంటాం. చలికాలంలో సాగర్ మీద గాలి పల్చబడినప్పుడు చిన్న తెరచాపతో అరవై అయిదు కిలోలవాడు కూర్చుంటే పడవ నత్తలా పోతుంది. వాడికి పెద్దదే కావాలి. మేమనేది అందరికీ చిన్నది ఇమ్మని కాదు, తూచి ఇమ్మని.

చిన్న తెరచాపలు వచ్చేలోగా ఏం చేయాలన్నది కూడా ఆలోచించాం. ఆప్టిమిస్టులో గాలి ముదిరితే స్ప్రిట్ వాసం తీసేయవచ్చు. పై భాగం మడిచినట్టు వాలిపోతుంది, తెరచాప ఇంచుమించు సగమవుతుంది. కొత్తగా నేర్చుకునే ఆరో తరగతి తమ్ముళ్ళకు ఇది చాలు. లేజర్‌లో అయితే బూమ్ తాడు విప్పి తెరచాపను మాస్టు చుట్టూ ఒకటి రెండు చుట్లు చుట్టి మళ్ళీ కట్టవచ్చు. ఆకారం బాగుండదు, పోటీకి పనికిరాదు, కానీ పిల్లవాడు నిలబడతాడు. ఆ ఎంపిక రోజున ఎవరికైనా ఈ రెండు చుట్లు చుట్టాలని తోచి ఉంటే! మాకే తోచలేదు. ఇంకొకరిని ఏమని అంటాం.

ఒకప్పుడు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ అంటే సైనికాధికారుల ఆట. టాంక్‌బండ్ మీద నిలబడి దూరం నుంచి చూసి పోయేవాళ్ళం. 2009లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ మొదలయ్యాక బస్తీల పిల్లలు, ప్రభుత్వ బడుల పిల్లలు కూడా నీళ్ళ మీదికి వచ్చారు, జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చారు. ఆ దారి తెరుచుకుంది కాబట్టే మేమూ తాడు పట్టుకున్నాం. గాలి ఉన్నప్పుడే తూర్పార పట్టుకోవాలని మన ఇళ్ళలో చెప్పే మాట. జూన్ నుంచి సెప్టెంబరు దాకానే మాకు మంచి గాలి. అందుకే వచ్చే జూన్‌కు ముందే ఈ సంగతి తేలాలని మా తొందర.

అన్నలను మేము అడిగేది ఇది. ఐఎల్‌సీఏ 4 తెరచాపలు రెండు, కింది మాస్టు ముక్కలు రెండు. ఐఎల్‌సీఏ 6 తెరచాప ఒకటి, దాని ముక్క ఒకటి. ఆప్టిమిస్టుకు సాధన తెరచాపలు నాలుగు, తేలిక పిల్లలకు కుట్టిన పోటీ తెరచాపలు రెండు. చిరుగులకు అతికించే టేపు, సూదులు, పాలియెస్టర్ దారం. కొత్త పడవకు అనుకున్న సొమ్ములో ఇవి ఎన్ని వస్తాయో అన్ని చాలు. ఇవి చుట్టి దాచడానికి ఆరంగుళాల పీవీసీ పైపులు, రెండు వైపులా మూతలతో, మేమే తెచ్చుకుంటాం. అందుకు జేబుఖర్చులోంచి కూడబెట్టడం మొదలుపెట్టాం.

ఒక్క ఇబ్బంది ఉందని మాకు తెలుసు. పడవ అయితే దాని మీద దాతల పేర్లు రాయించవచ్చు, వార్షికోత్సవం నాడు రిబ్బను కత్తిరించవచ్చు, పక్కన నిలబడి ఫోటో దిగవచ్చు. చుట్టిన తెరచాపతో ఫోటో దిగితే చాప కొనిచ్చారనుకుంటారు. అందుకు ఒక ఉపాయం ఆలోచించాం. అన్నల పేర్లు ఆ పీవీసీ పైపుల మీద పెయింటుతో రాస్తాం, బ్యాచ్ సంవత్సరంతో సహా. వారానికి రెండుసార్లు ఆ పైపు మూత తీసినప్పుడల్లా చదువుకుంటాం.

కొలతలకు ఇబ్బంది లేకుండా పోయిన శనివారం వంట మామను బతిమాలి, బియ్యం తూచే కాటా మీద మేము ఇరవై రెండు మందిమీ ఒక్కొక్కరం ఎక్కాం. ఎవరి బరువు ఎంత, ఎవరికి ఏ తెరచాప అన్న పట్టిక వార్డెన్ సార్ గది బయట నోటీసు బోర్డు మీద అంటించాం. అందులో ఇరవై మూడో వరుస కూడా గీశాం. 41 కిలోలు, ఐఎల్‌సీఏ 4. పేరు దగ్గర మాత్రం ఖాళీ ఉంచాం. రాయాలా వద్దా అన్నది ఆ తమ్ముడినే అడుగుతున్నాం.